ఏటీవీ మన్నిక, మరమ్మతులు: యజమానులు తరచుగా అడిగే (తరచుగా గొడవపడే) ప్రశ్నలు

డాలస్‌కు ఈశాన్యంగా గంట దూరంలో మూడు కుటుంబాలం కలిసి 18 ఎకరాలు కొనుక్కున్నాం. కంచె చూసి రావాలన్నా, తేనెటీగల పెట్టెల దగ్గరికి వెళ్లాలన్నా, ఎండుగడ్డి కట్టలు లాగాలన్నా ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) మీదే. చుట్టుపక్కల పొలాలు కొన్న తెలుగువాళ్లు కొత్తగా బండి తెచ్చుకున్నప్పుడల్లా ఫోను చేసి అవే సందేహాలు అడుగుతారు. నేనొకటి చెబుతాను, మా తోడల్లుడు సరిగ్గా దానికి ఎదురు చెబుతాడు. అడిగినవాళ్లు తల పట్టుకుని మళ్లీ నాకే ఫోను చేస్తారు. ఆ బాధ పడలేక ఇది రాసి పెట్టాను. నేను మెకానిక్‌ను కాను. వారంలో అయిదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, మిగతా రెండు రోజులు చేతులు నల్లగా చేసుకునేవాణ్ణి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఏ కంపెనీ బండి పాడు కాదు? ఒక్క పేరు చెప్పండి చాలు.

ఒక్క పేరు చెప్పేవారిని నమ్మకండి. ఇరవై ఏళ్లుగా నడుస్తోందని ఒకరు పొగిడే బండినే, రెండేళ్లలో ఇంజను విప్పించాల్సి వచ్చిందని మరొకరు తిడతారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మొదటి ఆయన బండి ఏడాదికి ముప్పై గంటలు తిరిగి షెడ్డులో నిద్రపోతుంది. రెండో ఆయన బండి ప్రతి వారాంతం బురదగుంటలో ఈదుతుంది. అందుకే ఎవరైనా బండి గురించి తీర్పు చెబితే నేను మూడు సంగతులు అడుగుతాను: గంటల మీటరు ఎంత చూపుతోంది, నీళ్లలోకి దిగుతుందా, ఆయిల్ మార్చేది ఎవరు. ఈ మూడూ తెలియని పొగడ్తకూ తిట్టుకూ విలువ లేదు.

అలాగని కంపెనీల మధ్య తేడా లేదనను. హోండా రాంచర్, ఫోర్‌మన్‌లకు మొండి బండ్లని పేరు రావడానికి కారణం ఉంది. వాటిలో బెల్టు ఉండదు, గేర్లే ఉంటాయి. ఇంజను చిన్నది, దాని మీద ఒత్తిడి తక్కువ. బదులుగా కుదుపు భరించాలి. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ మీద రోజంతా తిరిగినా నడుము నొప్పి రాదు, కానీ దాని బెల్టునూ బ్యాటరీనీ కనిపెట్టుకుని ఉండాలి. యమహా గ్రిజ్లీ, కోడియాక్ ఈ రెండింటికీ మధ్యలో కూర్చుంటాయి. నా మొగ్గు గేర్ల వైపు. మా తోడల్లుడి నడుము మాత్రం పొలారిస్ వైపే.

బెల్టు బండా, గేర్ల బండా? బెల్టంటే రబ్బరు ముక్క అని మా బావగారు ఎగతాళి చేస్తున్నారు.

బావగారు చెప్పింది సగం నిజం. అది రబ్బరే, అరిగిపోయేదే. కానీ టైరు కూడా రబ్బరే కదా, అరుగుతుందని టైరు లేని బండి కొనం. బెల్టు బండిలో రెండు కప్పీల మధ్య బెల్టు పైకీ కిందికీ జరుగుతూ వేగానికి తగిన నిష్పత్తి తనే చూసుకుంటుంది. గేరు మార్చే పని లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది.

ఆ బెల్టును చంపేది ఎక్కువగా నడిపేవారే. ట్రైలరుకు గడ్డి కట్టలు ఎక్కించి, హై గేరులో పెట్టి, నెమ్మదిగా లాగితే బెల్టు కప్పీ మీద జారి కాలుతుంది. పొలారిస్ మాన్యువల్ గంటకు 7 మైళ్ల లోపు నడిపేటప్పుడు, బరువు లాగేటప్పుడు లో గేరు వాడమంటుంది. ఇది పాటిస్తే బెల్టు ఏళ్లు వస్తుంది. పాటించకపోతే ఒక్క మధ్యాహ్నం చాలు. బరువు పనికి గేర్ల బండి నయమే, కానీ అందులో ఏదైనా పాడైతే ఇంజను కేసు విప్పాలి. బెల్టు మార్చడం ఇంట్లో ఒక పూట పని.

పాత బండిలో మైళ్లు చూడాలా, గంటలు చూడాలా?

రెండూ చూసి ఒకదాన్ని మరొకదానితో భాగించండి. 1,800 మైళ్లు, 180 గంటలు ఉంటే సగటున గంటకు 10 మైళ్లు. అంటే దారుల మీద మామూలుగా తిరిగిన బండి. 300 మైళ్లకే 200 గంటలు అయిందంటే అది ఎక్కువ భాగం నిలబడి ఇంజను తిప్పుకుంది, లేదా నత్తనడకన బరువులు లాగింది. మైళ్లు తక్కువని మురిసిపోవలసిన బండి కాదది.

చూడడానికి వెళ్లేముందు ‘‘మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’’ అని చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వెచ్చగా ఉందో అడగండి. తరువాత సీటు ఎత్తి ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీయండి. పోయిన ఏడాది ఒక మిత్రుడి కోసం బండి చూడడానికి వెళ్లాం. బయట అద్దంలా మెరుస్తోంది, టైర్లకు నల్లటి పాలిష్ కూడా పెట్టారు. ఫిల్టర్ పెట్టె తెరిస్తే అడుగున వేలి మందం ఎండిన బురద, అందులో ఒక ఆకు. ఫిల్టర్ దాకా నీళ్లు ఎక్కిన బండి అది. అమ్మేవారు ఆ ఆకును మాకంటే ఆశ్చర్యంగా చూశారు.

సగం ధరకే చైనా బండి వస్తోంది. కొనవచ్చా?

చైనా బండ్లన్నింటినీ ఒకే గాటన కట్టకండి. సీఎఫ్‌మోటో లాంటి కంపెనీకి అమెరికాలో డీలర్లున్నారు, విడిభాగాలు దొరుకుతాయి. పెట్టెలో వచ్చి మనమే బిగించుకోవలసిన పేరూ ఊరూ లేని బండి సంగతి వేరు. దానికి రెండేళ్ల తరువాత బ్రేకు కేబుల్ కావాలంటే ఏ మోడల్ అని అడగాలో కూడా తెలియదు. కొనేముందు ఒక పని చేయండి: డీలరుకు ఫోను చేసి బెల్టు, ఎయిర్ ఫిల్టర్, ముందు చక్రం బేరింగు ఎన్ని రోజుల్లో ఇస్తారో అడగండి. ధర కంటే ఆ జవాబు ముఖ్యం.

రీకాల్ వచ్చిన మోడల్ అంటే చెడ్డ బండేనా?

కాదు. రీకాల్ అంటే తప్పు ఒప్పుకుని ఉచితంగా సరిచేస్తామనడం. ఆ మరమ్మతు చేయించని బండి చెడ్డది. వాహన గుర్తింపు సంఖ్యను కంపెనీ వెబ్‌సైటులో వేస్తే ఆ బండికి ఏవి పెండింగులో ఉన్నాయో తెలుస్తుంది. పాత బండి కొనేవారు ఈ పని తప్పక చేయాలి, ఎందుకంటే రీకాల్ ఉత్తరం మొదటి యజమాని ఇంటికి వెళుతుంది.

ఈ వాదనలో అందరూ ఎత్తే ఉదాహరణ పొలారిస్ ఆర్‌జడ్‌ఆర్. 2016లో మంటల ప్రమాదం వల్ల దాదాపు 1,33,000 బండ్లను రీకాల్ చేశారు. లోపాన్ని సకాలంలో తెలియజేయలేదన్న ఆరోపణ మీద 2018లో ఆ సంస్థ 2.72 కోట్ల డాలర్లకు పైగా జరిమానా చెల్లించడానికి ఒప్పుకుంది. అయితే ఆర్‌జడ్‌ఆర్ పక్కపక్కన కూర్చుని స్టీరింగ్ చక్రం తిప్పే బండి. ద్విచక్ర వాహనంలా హ్యాండిల్ పట్టుకుని నడిపే ఏటీవీ కాదు. ఆ రీకాల్ చూపించి స్పోర్ట్స్‌మన్‌ను తిట్టడం ఒకరి తప్పుకు ఇంకొకరిని దండించడమే.

## కొన్న మొదటి నెలల్లో

కొత్త బండికి 20 గంటలకే ఆయిల్ మార్చమంటున్నారు. డీలరు డబ్బు గుంజడానికేనా?

ఈ ఒక్క విషయంలో డీలరు మాట వినండి. కొత్త ఇంజనులో గేర్లు, రింగులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునేది మొదటి గంటల్లోనే. ఆ రజనంతా ఆయిల్‌లోకి దిగుతుంది. మొదటిసారి తీసిన ఆయిల్‌ను ఎండలో తెల్లటి పళ్లెంలో పోసి చూడండి, పట్టుచీర జరీలా మెరుస్తుంది. భయపడకండి, మొదటిసారి అది మామూలే. రెండోసారి కూడా అలాగే మెరిస్తే అప్పుడు భయపడాలి. హోండా చాలా మోడళ్లకు 100 మైళ్లు లేదా 20 గంటలు అంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అప్పుడే ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండే సన్నటి సందు) కూడా చూడమని ఉంటే దాన్ని దాటవేయకండి.

వారంటీ పోకూడదంటే డీలరు దగ్గరే సర్వీసు చేయించాలా?

అక్కరలేదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, తమ భాగాలే వాడాలనీ తమ దగ్గరే సర్వీసు చేయించాలనీ కంపెనీ షరతు పెట్టకూడదు. అయితే సర్వీసు చేశామన్న రుజువు మన దగ్గర ఉండాలి. ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదు, ఆ రోజు గంటల మీటరు ఫొటో చాలు. ‘‘మా ఆయన చేస్తారండీ, ఎప్పుడో గుర్తు లేదు’’ అంటే ఏ చట్టమూ ఆదుకోదు.

మా అబ్బాయికి పదమూడేళ్లు. నెమ్మదిగా నడుపుతాడు. పెద్ద బండి ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దల బండి నడపకూడదని ఫెండరు మీద హెచ్చరిక అతికించే ఉంటుంది. బండి తిరగబడితే అయిదారు వందల పౌండ్ల బరువు పిల్లవాడి మీద పడుతుంది. వేగం తక్కువైనా ఆ బరువు తగ్గదు. పిల్లలకు వయసును బట్టి చేసిన చిన్న బండ్లున్నాయి. ఒక్కరికే చేసిన బండి మీద వెనక ఇంకొకరిని ఎక్కించుకోవడమూ ఇదే కోవలోకి వస్తుంది, అది చుట్టం చూపుగా వచ్చిన అత్తగారైనా సరే. పండగలకు మా పొలంలో ఈ మాట చెప్పి ఎన్నిసార్లు చెడ్డవాణ్ణయ్యానో లెక్కలేదు.

## నడిపే రోజుల్లో

ఇంట్లో కారు ఆయిల్ మిగిలింది. ఏటీవీలో పోస్తే ఏమవుతుంది?

బండిని బట్టి ఏమీ కాకపోవచ్చు, క్లచ్ జారిపోనూవచ్చు. ఈ వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం అదే. చాలా హోండాల్లో క్లచ్ ఇంజను ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది. ఇంధనం ఆదా చేస్తాయని రాసి ఉండే కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. రాపిడి లేకపోతే క్లచ్‌కు పట్టు ఎక్కడిది? అందుకే ఇలాంటి బండ్లకు డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని తెలిపే గుర్తు) అని ఉన్న ఆయిల్ కావాలి.

‘‘మాది బెల్టు బండి, కాబట్టి కారు ఆయిల్ పోసినా పరవాలేదు’’ అనే సూత్రం వాట్సాప్‌లో తిరుగుతోంది. పొలారిస్‌లో క్లచ్ పొడిగా బెల్టు పెట్టెలో ఉంటుంది కాబట్టి అక్కడ ఆ సూత్రానికి కొంత అర్థం ఉంది. యమహా గ్రిజ్లీలో బెల్టూ ఉంది, ఆయిల్‌లో మునిగే క్లచ్చూ ఉంది. అక్కడ ఆ సూత్రం బోల్తా కొడుతుంది. మిగిలిన కారు ఆయిల్‌ను గేటు కీళ్లకు వాడుకోండి.

ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లకు ఒకసారి శుభ్రం చేయాలి? మాన్యువల్ ఒకటి చెబుతుంది, స్నేహితుడు ఒకటి చెబుతున్నాడు.

ఎన్నాళ్లకని కాదు, ఎంత దుమ్ముకని అడగాలి. వాన పడిన తరువాత ఒంటరిగా తిరిగే బండికి నెలలు గడిచినా ఏమీ కాదు. ఎండాకాలంలో ముందు బండి లేపిన దుమ్ములో వెనక నడిచిన బండికి ఆ సాయంత్రమే ఫిల్టర్ చూడాలి. ఆయిల్ విషయంలో అందరూ జాగ్రత్తగా ఉంటారు. నా మాట అడిగితే ఇంజన్లు బోరుకు రావడానికి ఆయిల్ కంటే దుమ్మే పెద్ద కారణం. సన్నటి ఇసుక లోపలికి పోతే సానబట్టే కాగితంలా రింగులనూ సిలిండరునూ గీస్తుంది. మొదట పికప్ తగ్గుతుంది, తరువాత నీలం పొగ, తరువాత బేరం.

స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బునీళ్లలో పిసికి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, మెల్లగా నొక్కి ఎక్కువైంది తీసేయాలి. పెట్రోలుతో కడగకండి, మంట ప్రమాదం ఒకటి, స్పాంజి జిగురు ఊడిపోవడం ఇంకొకటి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. బిగించేటప్పుడు అంచు చుట్టూ పలుచగా గ్రీజు రాయండి. ఫిల్టర్ ఎంత మంచిదైనా అంచు పక్కనుంచి గాలి దూరితే కంచె వేసి గేటు తెరిచిపెట్టినట్టే. పని సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక: ఫిల్టర్ తీసినప్పుడు ఇంజను వైపు గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా వస్తే సరి. గోధుమరంగు గీత వచ్చిందంటే దుమ్ము ఇప్పటికే ఇంజనులో ఉంది.

ఎక్కువ గాలి పోయే ఖరీదైన ఫిల్టర్ల గురించి కూడా గొడవలు జరుగుతాయి. పందేలకు వెళ్లేవారికి వాటి వల్ల లాభం ఉండవచ్చు. ఎండుగడ్డి లాగే బండికి కంపెనీ స్పాంజి చాలు.

బండి ఎడమవైపు లాగుతోంది. ముందు చక్రాల సెట్టింగ్ పోయిందంటున్నారు. ఎంత ఖర్చవుతుంది?

ముందు గాలి చూడండి. ఏటీవీ టైర్లలో ఉండే గాలి సాధారణంగా 4 నుంచి 7 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే. కారు గేజీతో అది సరిగ్గా తెలియదు, తక్కువ గాలికి చేసిన గేజీ విడిగా దొరుకుతుంది. కారు టైరులో రెండు పిఎస్‌ఐ తేడా ఎవరికీ తెలియదు. ఇక్కడ అది మూడో వంతు గాలి. మా బండి కూడా ఇలాగే ఎడమకు లాగుతోందని బోల్టులన్నీ విప్పబోయాం. ఎడమ టైరులో ముల్లు.

గ్రీజు పెట్టడం అంత ముఖ్యమా?

ముఖ్యమే, చవక కూడా. ముందు చక్రాలను బండికి కలిపే కడ్డీల కీళ్లకు గ్రీజు నిపుల్స్ (గ్రీజు ఎక్కించే బొడిపెలు) ఉంటే, లోపలి పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్‌తో కొట్టండి. నీళ్లలో దిగిన ప్రతిసారీ మళ్లీ కొట్టండి. నిపుల్స్ లేని మోడల్ అయితే ఈ గొడవే లేదు. కానీ చప్పుడు మొదలయ్యాక బుష్‌లు మార్చడమే దారి.

పొద్దున ఎంతసేపు నొక్కినా స్టార్ట్ కాదు, మధ్యాహ్నం ఒక్క దెబ్బకు అవుతుంది. ఎందుకు?

బ్యాటరీ, పాత పెట్రోలు, చోక్ ఈ మూడూ చూశాక కూడా ఇలాగే ఉంటే ట్యాపెట్లు చూడండి. మన ఊరి మోటారు సైకిళ్ల రోజుల నుంచి ట్యాపెట్ చప్పుడంటే మనకు భయం. ఏటీవీల్లో చప్పుడు చేయని ట్యాపెట్టే అనుమానించదగ్గది. వాల్వు కూర్చునే చోటు అరిగేకొద్దీ సందు తగ్గిపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ లోపం ఎక్కువగా తెలుస్తుంది. స్క్రూతో సరిచేసే ట్యాపెట్లున్న ఇంజనుకు ఫీలర్ గేజీ (సందు కొలిచే పలుచని రేకులు), గంట సమయం, ఇంజను పూర్తిగా చల్లబడే ఓపిక చాలు. ‘‘ఎనిమిదేళ్లుగా ముట్టుకోలేదు, ఏమీ కాలేదు’’ అనేవారు ఉంటారు. పొద్దున వారి బండి ఎలా స్టార్ట్ అవుతుందో వెళ్లి చూడండి.

ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోస్తే ఇంజను ఎక్కువకాలం వస్తుందా?

రాదు. మాన్యువల్ 87 ఆక్టేన్ (పంపు మీద కనిపించే అంకె) అడిగితే 87 పోయండి, 91 అడిగితే 91. అసలు చూడవలసింది ఇథనాల్ శాతం. పది శాతం కలిపింది చాలా ఏటీవీలకు సరే. పదిహేను శాతం కలిపింది ఏటీవీల్లో వాడడానికి అమెరికా పర్యావరణ సంస్థ అనుమతి లేదు. అది పంపు మీద 88 అంకెతో, కాస్త చవకగా కనిపిస్తుంది. మన చెయ్యి చవక వైపే పోతుంది కాబట్టి చెబుతున్నాను.

## నీరు, బురద

టెక్సస్ బురద అంత చెడ్డదా? మిగతా రాష్ట్రాలవారు మరీ ఎక్కువ చేసి చెబుతున్నామంటున్నారు.

గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి తొక్కినవారికి వివరించనక్కరలేదు. డాలస్ చుట్టుపక్కల నల్లనేల ఆ జాతిదే. ఎండితే కాలు పట్టేంత పగుళ్లు, తడిస్తే చెప్పును వదలని జిగురు. ఇసుక నేలలో తిరిగే బండి బురదను దులిపేసుకుంటుంది. మా బండ్లకు అది ఇరుసుల చుట్టూ చుట్టుకుని ఎండి రాయి అవుతుంది, ఇరుసు కీళ్లను కప్పే రబ్బరు బూట్ల క్లిప్పులను పీకేస్తుంది. బూటు చిరిగితే కీలులోకి మట్టి పోయి టకటక మొదలవుతుంది. ఆరిజోనా యజమాని, మా ఊరి యజమాని ఒకే మోడల్ గురించి రెండు రకాలుగా చెప్పడంలో వింత లేదు.

ఎంత లోతు నీళ్లలో దించవచ్చు?

కాళ్లు పెట్టుకునే పలక దాటితే దించకండి. అంతకంటే ముందే బెల్టు పెట్టెలోకి నీళ్లు పోవచ్చు. అప్పుడు ఇంజను అరుస్తుంది, బండి కదలదు. గాభరాపడి ఇంకా యాక్సిలరేటర్ నొక్కకండి. గట్టు మీదికి చేర్చి, పెట్టె అడుగున ఉన్న బిరడా తీసి నీరు కార్చి, పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో పెట్టి కొన్ని సెకన్లు ఇంజను రేజ్ చేస్తే బెల్టు ఆరుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని బయటినుంచి పీల్చుకుంటుంది. గాలి గొట్టం ఊడిపోయో, మూసుకుపోయో ఉంటే సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి లాగుతుంది. నీళ్లలో దిగిన వారంలో ఒకసారి ఆ ఆయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగు వస్తే మార్చేయండి.

బండి నీళ్లలో మునిగి ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

స్టార్టరు నొక్కకండి. నీరు నలగదు. సిలిండరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, చిన్న ప్రమాదం పెద్ద ఖర్చవుతుంది. బండిని బయటికి లాగి, స్పార్క్ ప్లగ్ తీసి, ఆ తరువాత ఇంజను తిప్పితే నీరు చిమ్ముకుంటూ వస్తుంది. ఫిల్టర్ పెట్టె, బెల్టు పెట్టె ఖాళీ చేయండి. ఆయిల్ తీసేసి చవకైన కొత్తది పోసి కాసేపు నడిపి మళ్లీ తీయండి. తెల్లదనం పూర్తిగా పోయేదాకా రెండు మూడుసార్లు ఇదే పని. పెట్రోలు ట్యాంకులో నీళ్లున్నాయేమో కూడా చూడాలి. ఇదంతా అదే రోజు చేయాలి. వచ్చే శనివారానికి వాయిదా వేస్తే తుప్పు మనకోసం ఆగదు.

ప్రెషర్ వాషరుతో కడగవద్దంటారు. మరి ఈ బురద ఎలా పోతుంది?

దూరం నుంచి, పెద్ద భాగాలకు వాడవచ్చు. బేరింగు సీళ్లకు, వైరు కనెక్టర్లకు, రేడియేటరు రెక్కలకు దగ్గరగా పెట్టి కొట్టడమే తప్పు. రేడియేటరును తోట గొట్టంతో, కుదిరితే ఫ్యాను వైపునుంచి ముందుకు కడగండి, బురద వచ్చిన దారినే పోతుంది. ముందునుంచి గట్టిగా కొడితే ఇంకా లోపలికి దూరుతుంది. పైకి శుభ్రంగా కనిపిస్తున్నా బండి వేడెక్కుతుంటే రెక్కల మధ్య టార్చి వేసి చూడండి. అవతలి వెలుగు కనిపించాలి.

## మొరాయించినప్పుడు

హెచ్చరిక దీపం వెలిగింది, పవర్ స్టీరింగ్ పోయింది. దాని మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాలని డీలరు పెద్ద మొత్తం చెప్పారు. ఏం చేయాలి?

ఒప్పుకునేముందు మల్టీమీటరుతో బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 నుంచి 12.8 వోల్టులు ఉండాలి. ఇంజను కాస్త రేజ్ చేసినప్పుడు సుమారు 14 రావాలి. రాకపోతే చార్జింగు లోపం. బ్యాటరీ నీరసించినప్పుడు ఈ కాలపు బండ్లు లేనిపోని కోడ్‌లన్నీ (లోపాన్ని తెలిపే అంకెలు) చూపిస్తాయి, పవర్ స్టీరింగ్ అన్నిటికంటే ముందు అలుగుతుంది. వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బిగించాక తీగల నట్లు వదులైపోవడం కూడా మామూలే. బ్యాటరీ కొమ్ములు గీకి, నట్లు బిగించి, ఫ్రేముకు కలిసే నల్ల తీగ చూసి, అప్పటికీ కోడ్ పోకపోతే డీలరు మాటకు విలువ ఇవ్వండి.

మెకానిక్ ఒకటి, యూట్యూబు వీడియో ఇంకొకటి చెబుతున్నాయి. ఎవరిని నమ్మాలి?

మీ మోడల్, మీ సంవత్సరం సర్వీసు మాన్యువల్‌ను. ఇది అనుభవం మీద చెబుతున్నాను. డిఫరెన్షియల్ ఆయిల్ మార్చి, బిరడా ‘‘బాగా బిగించాలి’’ అని వీడియోలో అన్నారని పొడవాటి రెంచితో బిగించాను. కుయ్ అన్నది, తరువాత తేలికగా తిరగడం మొదలుపెట్టింది. అల్యూమినియం కేసులో మరలు మొత్తం ఊడి, తీగ చుట్టలా బిరడాకు అంటుకుని వచ్చాయి. కొత్త మర తొడిగించడానికి అయిన ఖర్చుతో రెండు టార్క్ రెంచులు (ఎంత బిగించామో కొలిచే రెంచులు) వచ్చేవి. ఇప్పుడు ఒకటి ఉంది. తోడల్లుడు దాన్ని అరువు అడిగినప్పుడల్లా ఆ కథ చెప్పించుకుని గానీ తీసుకెళ్లడు.

## వాడకుండా ఉంచేటప్పుడు

మూడు నెలలు ఇండియా వెళుతున్నాం. బండిని ఏం చేసి వెళ్లాలి?

ట్యాంకు నిండుగా తాజా పెట్రోలు పోసి, స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా ఉంచే మందు) కలిపి, పది నిమిషాలు నడపండి. అప్పుడే మందు కలిసిన పెట్రోలు లోపలిదాకా చేరుతుంది. కార్బ్యురేటర్ బండి అయితే దాని గిన్నెలోని పెట్రోలు కార్చేయండి, లేకపోతే అది జిగురై సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. బ్యాటరీకి నెమ్మదిగా చార్జి చేసే మెయింటెయినరు తగిలించండి, లేదా నల్ల తీగ విప్పేయండి.

మా దగ్గర దీనికంటే పెద్ద బెడద ఎలుకలు, కందిరీగలు. ఎలుక ఫిల్టర్ పెట్టెలో గడ్డి పరుచుకుని కాపురం పెడుతుంది, వైర్ల తొడుగు కొరుకుతుంది. మట్టి గూళ్లు కట్టే కందిరీగ సైలెన్సరు మూతినీ, డిఫరెన్షియల్ గాలి గొట్టాన్నీ మూసేస్తుంది. సైలెన్సరులో గుడ్డ కుక్కి, ఆ గుడ్డకు ఎర్ర రిబ్బను కట్టి, దాని రెండో కొసను హ్యాండిల్‌కు ముడి వేయండి. రిబ్బను లేకపోతే తిరిగి వచ్చాక మరిచిపోతారు. మేం మరిచిపోయాం.

## ఉమ్మడి బండి

ముగ్గురం కలిసి కొన్నాం. నా చేతిలో ఉండగా బెల్టు తెగింది. ఖర్చంతా నేనే పెట్టుకోవాలా?

చివర నడిపినవారి మీద వేస్తే రెండు అనర్థాలు. బండి చెడిపోబోతోందని వాసన వచ్చినవారు మెల్లగా షెడ్డులో పెట్టి తప్పుకుంటారు. బెల్టు తొంభై గంటలు ఒకరు అరగదీస్తే, పది గంటలు నడిపినవారు డబ్బు కడతారు.

మేం చేసింది ఇది. నడిపిన గంటకు ఇంత అని ముగ్గురం ఒక డబ్బాలో వేస్తాం. ఆయిల్, ఫిల్టర్, బెల్టు, టైర్లు, బ్యాటరీ లాంటి అరిగేవన్నీ ఆ డబ్బులోంచే. చెట్టుకు గుద్దడం, నీళ్లలో ముంచడం, అందరూ వద్దన్నాక ట్రైలరుకు రెట్టింపు బరువు ఎక్కించడం మాత్రం ఎవరి ఖాతా వారిదే. ఏది అరుగుదల, ఏది నిర్లక్ష్యం అన్నదానికి మొదటి ఏడాది రెండుసార్లు మాటలు పెరిగాయి. హై గేరులో లాగి కాల్చిన బెల్టు ఏ లెక్కలోకి వస్తుందన్నది ఒకటి. ఒకసారి తెలియక చేస్తే డబ్బా, రెండోసారి చేస్తే జేబు అని తేల్చుకున్నాం.

ఎవరు ఎప్పుడు ఏం చేశారో గుర్తుండడం లేదు. యాప్ ఏదైనా ఉందా?

ఉన్నాయి, మేం వాడి వదిలేశాం. బురద చేతులతో ఫోను ఎవరూ తీయరు. సీటు కింద ప్లాస్టిక్ సంచిలో వంద పేజీల నోటుపుస్తకం, ఒక పెన్సిలు పెట్టాం. తేదీ, గంటల మీటరు, ఏం చేశారు, ఏం గమనించారు, అంతే. పెన్నుకు తడి తగిలితే ఇంకు పాకుతుంది, అందుకే పెన్సిలు.

సర్వీసు లెక్కలు రాసిపెడితే అమ్మేటప్పుడు ధర ఎక్కువ వస్తుందా?

ఎంత ఎక్కువని చెప్పలేను గానీ బేరం త్వరగా తెగుతుంది. మా మూడో బండిని కొన్నాయన ఇంజను చప్పుడు వినకముందే ఆ నోటుపుస్తకం తిరగేశాడు. ఆయనకు తెలుగు రాదు, అంకెలు చూసుకుంటూ పోయాడు. ఒక పేజీ దగ్గర ఆగి ఇక్కడేం రాశారని అడిగాడు. మా తోడల్లుడి రాత అది: ‘‘412 గంటలు. బెల్టు వాసన. నేను కాదు.’’ అనువదించి చెప్పాను. నవ్వి, అడిగిన ధర ఇచ్చి, నోటుపుస్తకం కూడా కావాలన్నాడు.